చిత్రకళలో పూటకూళ్ళయిల్లు

క్రీడాభిరామమున ఇరువురు మిత్రులు ఒక్క దినములో ఓరుగంటి వీథులలోఁ దిరుగుచు పాఠకునికి రెండు విచిత్రమైన చోట్లను జూపుదురు. ఒకటి లక్ష్మణవజ్ఝల పూటకూళ్ళయిల్లు. రెండవది మాచల్దేవి చిత్రశాల. మొదటిచోట రూక యిచ్చినవానికి మృష్టాన్నము దొరకును. రెండవచోట గోడలమీఁది చిత్తరువులు కన్నులకు విందు సేయును. కవి రెండింటిని సమానమైన ఉత్సాహముతో వర్ణించెను. అయినను ఆ చిత్తరువులలో నున్నవి దేవతల కథలు, పురాణప్రసిద్ధములైన శృంగారములు. అదే నగరములో, అదే దినమున కవి దృష్టి కందిన పూటకూళ్ళయిల్లు ఆ గోడలమీఁది కెక్కలేదు. కవికి వస్తువైనది చిత్రకారునికి వస్తువు కాలేదు. ఐదువందల యేండ్లు దాఁటిన పిదపను ఈ వ్యత్యాసము తెలుఁగునాట చాలవఱకు అట్లే నిలిచియుండుట విచారింపఁదగిన విషయము.

క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన వీథీరూపకము. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దానికి మూలము. కర్తృత్వమునుగూర్చి పండితులలో వివాదము కలదు. అది శ్రీనాథుని రచనయే యని వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాదించిరి. ఆ వివాద మిచ్చట నప్రస్తుతము. ప్రస్తుతమైన దేమనఁగా, 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రమును బ్రకటించిన సురవరము ప్రతాపరెడ్డిగారు కాకతీయకాలపు జనజీవనమును నిరూపించుటకు ఈ కావ్యమును విరివిగా నాశ్రయించిరి. రాజుల శాసనములలో దొరకని నగరము ఇందు దొరకును గదా.

పూటకూళ్ళయింటిని వర్ణించు పద్యమును జాగ్రత్తతోఁ బరిశీలించినచో నొక విశేషము తోఁచును. కప్పురభోగి బియ్యపుటన్నము, గోధుమపిండివంట, పంచదార, నేయి, పెసరపప్పు, అరఁటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు అన్నియు వరుసగా వచ్చును. వెల యొక రూక యని యున్నది. గృహస్థుని పేరును గలదు. కాని ప్రక్క విస్తరికడఁ గూర్చున్నవాని ముఖము లేదు. పద్యము నిండ విస్తరియే. కవి తినువారిని విడిచి పదార్థములను, వడ్డించు నింటిని మాత్రము స్మరించెను. ఆఁకలిగొన్నవాని దృష్టి అట్లే యుండును గనుక, పాత్రోచితముగాఁ జూచినచో నది దోషము కాదు. అయినను చిత్రకారునికి మిగిలిన పని యేదో ఇక్కడనే తేలుచున్నది. పదార్థముల పట్టిక పద్యమునకుఁ జాలును. పటమునకు జనము కావలెను.

'పూటకూడు' అను మాటలోనే ఈ దృశ్యముయొక్క తత్త్వ మిమిడియున్నది. అది ఒక పూటకు మాత్రము దొరకు కూడు. ఆ పూట గడచినపిమ్మట ఇంటివానికిని అతిథికిని ఋణము లేదు. అన్నసత్రమున దాత కలఁడు, పుణ్యము కలదు. విందున బంధుత్వము కలదు. పూటకూళ్ళయింట వెల మాత్రమే కలదు. అందుచేతనే అక్కడ ఒకరి నొకరు ఎఱుఁగనివారు కలిసి కూర్చుందురు. నేఁడు తెలుఁగువారు 'హోటలు' అనునప్పుడు బసకన్న ముందుగా భోజనమునే తలఁతురు. ఆంగ్లమున బసయిల్లు అను నర్థము గల మాటకు తెలుఁగు వాడుకలో వంటశాల యను నర్థము ప్రధానమగుట పాత పూటకూళ్ళయింటి సంస్కారముచేతనే యని చెప్పవచ్చును. 1892లో తొలుత ప్రదర్శింపఁబడిన గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్ళమ్మ సజీవమైన పాత్ర. ఆమెకు స్వంత పేరు లేకున్నను స్వంత కంఠమున్నది. కాఁబట్టి సాహిత్యము ఈ గృహమును గాని, దానిని నడపువారిని గాని విడువలేదు.

ఇఁక ఆక్షేపము. పూటకూళ్ళయిల్లు ఉత్తమచిత్రమునకు వస్తువగునా? మనుస్మృతి పదవ యధ్యాయమున బ్రాహ్మణుఁడు అమ్మఁగూడనివానిలో పక్వాన్నమును జేర్చినది. అన్నవిక్రయము నీచమను భావము చిరకాలము ప్రబలియుండెను. కొందఱు పండితులు ఈ నింద వృత్తినుండి వస్తువునకును సంక్రమించునని తలఁచి, తినుట, త్రాగుట, రద్దీ, కేకలు ఇవి గ్రామ్యములు గాన ఔచిత్యభంగ మగునని చెప్పుదురు. ఈ వాదము పూర్వపక్షముగా గౌరవింపఁదగినదే. కాని వజ్ఝలవారి పేరే దానికి మొదటి సమాధానము. శాస్త్రము నిషేధించినదానిని లోకము నడపినది. లోకము నడపినదానిని కవి నిస్సంకోచముగాఁ గీర్తించెను.

రెండవ సమాధానము శాస్త్రమునందే కలదు. విష్ణుధర్మోత్తరపురాణము తృతీయఖండములోని చిత్రసూత్రము దేవతలను, రాజులను వ్రాయు విధానముతోనే యాగలేదు. పానభూమిని చేతులఁ బాత్రలు గల జనులతో వ్రాయవలెననియు, జూదరులను ఉత్తరీయము లేక, గెలిచినవారిని హర్షముతోను, ఓడినవారిని దుఃఖముతోను జూపవలెననియు అది విధించినది. ఇది గమనింపఁదగిన సూక్ష్మము. శాస్త్రకారుఁడు ఆ చోట్లను నిందింపలేదు. అక్కడివారి ముఖములందలి భేదమును బట్టుకొమ్మనెను. మఱియు శృంగారము, హాస్యము, శాంతము అను మూఁడు రసముల చిత్రములు గృహములకుఁ దగినవని చెప్పెను. స్టెల్లా క్రామ్రిష్ ఈ గ్రంథమును ఆంగ్లీకరించిన పిదప ఇది చిత్రకారు లందఱికిని అందుబాటులోనికి వచ్చినది.

మూఁడవ సమాధానము అజంతా. పదునేడవ గుహలోని విశ్వంతరజాతకమున రాజకుమారుఁడు నగరమును విడిచిపోవు ఘట్టమున బజారు కన్పట్టును. అంగళ్ళవారు తమ తమ సరకుల నడుమ నున్నారు. కథకు బజారుతోఁ బనిలేదు. కాని విడువఁబడుచున్న నగరమును జూపనిదే విడుచుటలోని బాధ తెలియదు. ఆ గుహలు హైదరాబాదు సంస్థానములో నుండఁగా, అచ్చటి పురావస్తుశాఖకు నాయకుఁడైన గులాం యజ్దానీ ఆ చిత్రములను 1930 మొదలుకొని బృహత్సంపుటములుగాఁ బ్రకటించెను. కాఁబట్టి నగరజనము చిత్రమున కనర్హమను మాటకు ప్రమాణము తక్కువ.

ఈ విచారమునకు ఎర్రమంజిల్ మంచి నికషము. ఆ పేరు రెండు భాషల కూడలి. పండొమ్మిదవ శతాబ్ది ఉత్తరభాగమున నవాబు ఫక్రుల్ ముల్క్ గుట్టమీఁద మేడ కట్టించి, అరబ్బు పారసీక కావ్యములలో స్వర్గసమానమని ప్రసిద్ధి గన్న 'ఇరం' పేరు పెట్టెను. ఆ పేరు తెలుఁగు నాలుకమీఁద ఎఱ్ఱరంగు దాల్చినది. ఎఱ్ఱగుట్టను బట్టి ఆ పేరే సార్థకమని చెప్పువారును గలరు. ఐరోపా పద్ధతి స్తంభములు, గచ్చు అలంకారములు గల ఆ భవనము స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వ కార్యాలయమైనది. దానిని పడఁగొట్టి శాసనసభాభవనము గట్టవలెనను మంత్రిమండలి నిర్ణయమును తెలంగాణ హైకోర్టు 2019 సెప్టెంబరు 16న కొట్టివేసినది.

ఆ గుట్టక్రింద పంజగుట్ట నుండి ఖైరతాబాదుకుఁ బోవు దారి. దానిమీఁదుగా మెట్రోరైలు 2018 సెప్టెంబరు 24 నుండి నడచుచున్నది. పంజగుట్టకు ఆవల అమీర్‌పేట. అక్కడ కంప్యూటరు విద్య నేర్చుకొనుటకు జిల్లాలనుండి వచ్చిన యువకులు హాస్టళ్ళలో దిగి, మెస్సులలోఁ దిని, కర్రీపాయింట్లలోఁ గూరలు పొట్లములు గట్టించుకొని పోవుదురు. నిమ్స్ ఆస్పత్రికి వచ్చిన రోగుల బంధువులు టిఫిన్ సెంటరుకడ నిలుచుండి ఇడ్లీ తిందురు. ఇరానునుండి బొంబాయి, పూనాల మీఁదుగా వచ్చిన కుటుంబములు నగరమునకుఁ దెచ్చిన ఛాయ్ అందఱికిని నిత్యకృత్యమైనది.

గుట్టమీఁద మేడయు, గుట్టక్రింద హోటలును రెండు భోజనధర్మములకు ప్రతీకలు. మేడలోని విందునకు ఆహ్వానము కావలెను. వంశము, పదవి, పరిచయము చూచి పీట వేయుదురు. హోటలుకు రూక చాలును. అయితే ఈ రూక చాలుట అనునది అనాదిసిద్ధము కాదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున మదరాసు రాజధానిలోని తెలుఁగు పట్టణములలో బ్రాహ్మణ హోటళ్ళు వేఱు. రైల్వే స్టేషన్లలో సయితము పంక్తులు వేఱు. కొందఱికి గడప దాఁటుటకే వీలు లేకుండెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగము పదునేనవ అధికరణమున అంగళ్ళతోను, ప్రజావినోదస్థలములతోను గూడ, సార్వజనికమైన భోజనశాలలను, హోటళ్ళను బేరు పెట్టి చెప్పి, మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేత ప్రవేశమునకు ఆటంకము కలిగింపరాదని శాసించినది. రాజ్యాంగమున హోటలుకు స్థానము దొరకుట సామాన్యవిషయము కాదు. ఒక బల్లకడ అపరిచితులు నలుగురు కూర్చుండుట కష్టార్జితమైన స్థితి. దానిని చిత్రించువాఁడు తిండిని కాక, ఆ స్థితిని జిత్రించుచున్నాఁడు.

చిత్రకారుని కష్ట మిక్కడనే మొదలగును. పెండ్లివిందునందు వధూవరులు కేంద్రము. దర్బారునందు రాజు కేంద్రము. హోటలులో కేంద్రము లేదు. ఒకఁడు వార్తాపత్రిక చదువుచుండును. ఇంకొకఁడు సాసరులోఁ జాయ వొంపుకొని యూఁదుచుండును. మూఁడవవాఁడు బిల్లు చూచి జేబు తడవుకొనును. వీరిలో నొకరి భావము మఱియొకరికి విభావము గాదు. ఏకవాక్యత లేని వాక్యసమూహము కావ్యము కానట్లే, ఏకదృష్టి లేని ముఖసమూహము చిత్రము గాదు. సందడి కావలెనని పటమునిండ తలలు వ్రాసినంతమాత్రమున సందడి రాదు, సంత వచ్చును. కాఁబట్టి కేంద్రము లేనిచోట కేంద్రమును సంపాదించుట యెట్లు అనునది ప్రశ్న. ఫ్రాన్సుదేశమున 1880 మొదలు 1888 వఱకు ముగ్గురు తైలవర్ణకారులు దీనికి మూఁడు విధములైన సమాధానములు చెప్పిరి.

మొదటివాఁడు రెన్వార్. పారిసు దాపున సేన్ నదీతీరమునఁ గల షాతూ గ్రామములో ఫూర్నేజ్ కుటుంబమువారి భోజనశాల వసారాలో 1880, 1881 సంవత్సరములలో అతఁడు 'పడవవారి విందు' అను పటమును వ్రాసెను. అది 1923 నుండి వాషింగ్టను నగరములోని ఫిలిప్స్ సంగ్రహమునఁ గలదు. చాఱల పందిరిక్రింద పదునలుగురు స్త్రీపురుషులు. బల్లమీఁద ద్రాక్షలు, సీసాలు, సగము త్రాగిన గ్లాసులు. ఒక యువతి కుక్కపిల్లతో ముచ్చటలాడుచున్నది. ఆమెయే పిమ్మట రెన్వారునకు భార్య యైన అలీన్ షారిగో. వెలుఁగు పందిరిగుండ వడఁగట్టఁబడి తెల్లని బల్లగుడ్డపైని, బనీనులపైనిఁ బడి అందఱిని ఒకే వాతావరణమునఁ గలుపుచున్నది. ఇది మహనీయమైన చిత్రము. కాని ఆతఁడు ప్రశ్నను గొంత సులభము చేసికొనెను. ఇచ్చటివారందఱు మిత్రులు. అపరిచితులను గలుపవలసిన భారమే అతనికి లేదు. మఱియొక లోపమును గలదు. వడ్డించువారు లేరు. హోటలు యజమానికూఁతురు కమ్మీమీఁద నానుకొని అతిథులలో నొకతెగా నిలిచియున్నది. ఎవరు వండిరో, ఎవరు తెచ్చిరో తెలియదు. విందు తనంతఁ దానే కలిగినట్లున్నది.

రెండవవాఁడు మానె. 1882లో అతఁడు ప్రదర్శించిన 'ఫోలీ బెర్జేరులోని మద్యశాల' లండనులోని కోర్టోల్డు సంగ్రహమునఁ గలదు. అతఁడు మఱుసటియేఁడు మరణించెను. ఈ పటమున వందలకొలఁది జనమున్నారు. అయినను వారందఱు అద్దములో నున్నారు. ఎదుట నిలిచినది ఒక్కతె, మద్యము నందించు యువతి. చలువరాతిబల్లమీఁద రెండు చేతులు మోపి, అలసిన చూపుతో, చూచువాని వైపే నిలిచియున్నది. గాజుపాత్రలో నారింజలు, ఎఱ్ఱత్రికోణపు గుర్తు గల సీసాలు, గ్లాసులో రెండు పువ్వులు. పైని ఎడమమూల ఆకాశదోలకమీఁద విన్యాసములు చేయు కళాకారిణి పాదములు మాత్రము వ్రేలాడుచుండును. అంత వినోదము జరుగుచుండఁగా ఆ వినోదమును అమ్మునది దానిలో లేదు. అద్దములో ఆమె ప్రతిబింబము కుడివైపునకు జరిగి, టోపీ పెట్టుకొన్న మనుష్యునితో మాటలాడుచున్నట్లు కన్పట్టును. దృశ్యశాస్త్రముప్రకార మిది పొరపాటని కొందఱు దూఱిరి. కాని అది భావసత్యము. అద్దములో నామె వ్యాపారమునకుఁ జెందినది. అద్దము వెలుపల తనకుఁ దాను జెందినది. కేంద్రము లేని జనమునకు కేంద్రముగా వడ్డించువారిని నిలుపుట మానె చేసిన మహోపాయము.

మూఁడవవాఁడు వాన్ గో. 1888 సెప్టెంబరులో ఆర్ల్ పట్టణమున వ్రాసిన 'రాత్రి కాఫీశాల' ఇప్పుడు అమెరికాదేశపు యేల్ విశ్వవిద్యాలయమునఁ గలదు. ఎఱ్ఱని గోడలు, పచ్చని పైకప్పు, నడుమ బిలియర్డుబల్ల, దీపములచుట్టు వలయములు. మూలలఁ దలలు వాల్చిన త్రాగుబోతులు. తెల్లని దుస్తులతో యజమాని బల్ల ప్రక్కను నిలిచి మనవైపు చూచుచున్నాఁడు. ఎఱుపు, పచ్చలచేత మానవుని భయంకరోద్రేకములను దెలుపఁ బ్రయత్నించితినని చిత్రకారుఁడు తమ్మునికి వ్రాసిన లేఖలోఁ జెప్పెను. ఇక్కడ కేంద్రము వ్యక్తి గాక వర్ణము. అపరిచితులను స్నేహము గలుపలేదు, అద్దము గలుపలేదు; రంగు గలిపినది. అది కలయిక కూడఁ గాదు, సమానమైన ఒంటరితనము.

ఈ మూఁడింటిని బ్రక్కప్రక్కను బెట్టి చూచిన పరీక్షకునికి ఒక లక్షణము స్ఫురింపకపోదు. భోజనశాలాచిత్రముయొక్క బలము, తినువారెంద ఱున్నారనుటలో లేదు. తినువారికిని వడ్డించువారికిని నడుమ నున్న దూరమును చిత్రకారుఁ డెక్కడ నుంచెననుటలోఁ గలదు. రూక యిచ్చినవారందఱు బల్లకడ సమానులు. ఆ గదిలో సమానత్వము లేనివాఁడు ఒక్కఁడే, నిలుచుండువాఁడు. అతనిని మఱచిన చిత్రము అందమైన పర్వమగును. అతనిని జూచిన చిత్రము నగరమగును. ఈ దృష్టితోఁ జూచినచో, తినువారిని విడిచినను వజ్ఝలవారి పేరును విడువని ఓరుగంటి కవి రెన్వారుకన్న మానెకు దగ్గఱివాఁడు.

ఈ దృశ్యమునకు తైలవర్ణమే తగునా యను ప్రశ్నకును సమాధానము చెప్పవలసియున్నది. అవిసెనూనె నీటివలె ఆవిరియై పోదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి నెమ్మదిగా గట్టిపడును. కాఁబట్టి చిత్రకారుఁడు దినములతరబడి తడిరంగుమీఁద రంగును గలుపవచ్చును. ఆఱిన పొరమీఁద పలుచని పొరను బఱచి లోపలి వెలుఁగును నిలుపవచ్చును. చలువరాయి నునుపు, గాజుగ్లాసులోని ఛాయ్ వన్నె, నూనె మఱకల గోడ, విద్యుద్దీపపు కాఁక ఇవన్నియు పొరలవలననే పుట్టును. ఆవిరిని జూపుటకు ముదురు నేలమీఁద లేఁత వర్ణమును సగము ఆఱిన కుంచెతో లాగవలెను. అంతకన్న దట్టమైనచో అది పొగ యగును. నీటిరంగు ఉదయపు గోదావరికిఁ దగును. పంజగుట్ట సాయంకాలమునకు నూనెయే తగును.

తెలుఁగు చిత్రకారులకు శక్తి లేక ఈ వస్తువును విడిచిరని చెప్పుట అన్యాయము. బొంబాయి జె. జె. కళాశాలలో శిక్షణ పొంది, 1925లో ఇరువదియెనిమిదవ యేట మరణించిన దామెర్ల రామారావు నీటిరంగులను, తైలవర్ణములను రెండింటిని సాధించెను. అతని కాలమున ఆంధ్రచిత్రకళకు స్వీయరూపమును సంపాదించుటయే ప్రథమకర్తవ్యముగా నుండెను; ఆ రూపమును ఆతఁడు పురాణములలోను, గోదావరీతీరమునను వెదకెను. పిమ్మట తెలంగాణమున కాపు రాజయ్య, కొండపల్లి శేషగిరిరావు, లక్ష్మాగౌడు, తోట వైకుంఠము మొదలగువారు జానపదజీవనమును, పురాణమును, గ్రామీణస్త్రీపురుషుల ఆకారములను దేశమంతట ప్రసిద్ధము చేసిరి. వీరిలోఁ బలువురు హైదరాబాదునఁ జదివిరి, అచ్చటనే నివసించిరి. అయినను వారి హృదయము ఊరిలోనే యుండెను. నగరము నివాసమైనది కాని స్మృతి కాలేదు. ఊరు విడిచి వచ్చిన మొదటి తరమువారికి ఇది సహజము. కాని అమీర్‌పేట మెస్సులో నేఁడు తినుచున్నవానికి మెస్సే స్మృతి యగును. అతని స్మృతికి పటము కావలెను గదా.

అట్టి పటమును వ్రాయఁబూనువానికి రెండు ప్రమాదములు గలవు. మొదటిది పాతకాలపు మోహము. ఛాయ్, ఉస్మానియా బిస్కత్తు, చలువరాతిబల్ల, వంపుచెక్కల కుర్చీ, గోడలకు నిలువుటద్దములు ఇవి కంటి కింపైన వస్తువులు. మానె పటమును జూచినవానికి ఆ యద్దములు మఱియు నింపుగాఁ దోఁచును. కాని వానిని గూర్చి చిత్రకారుఁడు నిట్టూర్పు విడుచుటకు మొదలిడినచో, చిత్రము సంగ్రహాలయపు పెట్టె యగును. 'వన్ బై టూ' అని కేక వేసి, ఒక ఛాయను రెండు కప్పులలోఁ బంచుకొను నిరుద్యోగులిద్దఱి స్నేహము అందుఁ గనఁబడనిచో, చలువరాయి యెంత మెఱసినను వ్యర్థము. రెండవది విడ్డూరమోహము. ఉర్దూ, తెలుఁగు, ఆంగ్లముల బోర్డులు, రంగురంగుల దీపములు, దుకాణపు కోలాహలము ఇవన్నియుఁ గుప్పించి నగరమును తమాషాగాఁ జూపుట. వెనుకటివాఁడు నగరమునకు శ్రాద్ధము పెట్టును. ఇతఁడు నగరమునకు వేషము వేయును. ఇరువురును అక్కడఁ గూర్చుండి తినినవారివలెఁ గానరారు.

ఈ రెండును దప్పించుకొనుటకు మార్గము పరిశీలనమే. వంట చేయువాఁడు ఛాయ్ డికాక్షనును మూఁత వేసిన పాత్రలో మగ్గించి, పాలను వేఱుగాఁ జిక్కఁగాఁ గాఁచి, కప్పులో రెండింటిని గలుపును. ఆ కలుపుటలో మోచేతి యెత్తు, మణికట్టు త్రిప్పు కలవు. వడ్డించు కుఱ్ఱవాఁడు ఒక చేతి వ్రేళ్ళలో నాలుగు గ్లాసు లిఱికించుకొని, రెండవ చేత గుడ్డతో బల్ల తుడుచును. చూపు మాత్రము మూఁడవ బల్లవైపు. గల్లాపెట్టెకడ నున్నవాఁడు తల యెత్తకయే ఎవఁ డేమి తినెనో చెప్పును. ఆస్పత్రినుండి వచ్చిన వృద్ధురాలు ఇడ్లీ సగము తిని మిగిలిన సగమును పొట్లము గట్టించుకొనును. ఆ సగము లోపల మంచముమీఁద నున్నవానికి. ఆమె ప్రక్కను గూర్చున్న యువకుఁడు ఉద్యోగపు పరీక్షలో నెగ్గి మిత్రులకు తీపి తినిపించుచుండును. గెలిచినవారిని హర్షముతోను, ఓడినవారిని దుఃఖముతోను ఒకే చోటఁ జూపుమని చిత్రసూత్రము జూదశాలకుఁ జెప్పిన విధి, ఒక్క అక్షరము మార్పక, పంజగుట్ట హోటలుకుఁ జెల్లును.

రసమేది యని పండితు లడుగవచ్చును. చిత్రసూత్రము గృహమునకుఁ దగినవిగాఁ జెప్పినవానిలో హాస్యశాంతములు రెండును ఇందుఁ గలవు. కేకలు, తొందర, తప్పు బల్లకు వచ్చిన దోసె ఇవి హాస్యము. ఆఁకలి తీఱిన ముఖము శాంతము. వైరాగ్యముచేతఁ గలుగునది యతుల శాంతము. అన్నముచేతఁ గలుగునది లోకుల శాంతము. ఒకరి దుఃఖము నొకరెఱుఁగకయే, ఒకే బల్లకడ ఇరువురి ఆఁకలి తీఱుటలో నొక గాంభీర్యము కలదు. దానిని బట్టుకొన్న చిత్రమున కోలాహలము పైపూఁత యగును, అడుగుపొర నిశ్శబ్దము.

ఎర్రమంజిల్ మేడను న్యాయస్థానము రక్షించినది. అది తగిన పని. మేడలకు చరిత్రకారులున్నారు, తీర్పులున్నవి, పటములున్నవి. గుట్టక్రింది హోటళ్ళకు అట్టి రక్షణ లేదు, దానిని గోరుటయు నుచితము కాదు. అవి పూటకూళ్ళయిండ్లు, ఒక పూట యుండి పోవుటయే వాని ధర్మము. వానికిఁ గావలసినది తీర్పు కాదు, చూపు. లక్ష్మణవజ్ఝల యిల్లు ఎక్కడ నుండెనో నేఁడు చూపువారు లేరు. ఐనను రూక యిచ్చి తినినవాని తృప్తి పద్యమున నిలిచినది. ఓరుగంటి చిత్రశాల గోడమీఁద ఆనాఁడు విడువఁబడిన స్థలము ఇంకను ఖాళీగానే యున్నది.